‘స్టాక్ లేదు’ అనే ముందు

అమెరికాలో ఫార్మసిస్టుకి మిగతా మందులన్నీ ఒక ఎత్తు, షెడ్యూల్ 2 మందులు ఒక ఎత్తు. ఆక్సికోడోన్, మార్ఫిన్, ఫెంటానిల్ అనే ఓపియాయిడ్ నొప్పి మందులు, ఏడీహెచ్‌డీకి రాసే ఆడరాల్ ఈ కోవలోవే. 1970లో వచ్చిన కంట్రోల్డ్ సబ్‌స్టెన్సెస్ చట్టం అలవాటుపడే ప్రమాదమున్న మందులను ఐదు షెడ్యూళ్లుగా విడదీసింది. హెరాయిన్ లాంటి ఒకటో షెడ్యూలు పదార్థాలు మా కౌంటరు దాకా రావు. మూడు, నాలుగు షెడ్యూళ్ల మందులకు ఆరు నెలల్లోపు ఐదు రిఫిళ్ల దాకా ఇవ్వొచ్చు. రెండో షెడ్యూలుకు మాత్రం రిఫిల్ లేదు. అయిపోయిన ప్రతిసారీ డాక్టరు కొత్తగా రాయాల్సిందే.

ఈ మందులతో పని అంటే ముందు లెక్క. వంద మాత్రల సీసా సీలు విప్పి ట్రే మీద పోసి, చిన్న స్పాచులాతో ఐదేసి చొప్పున జరుపుతూ అరవై లెక్కపెడతాను. మళ్లీ మొదటినుంచీ లెక్కపెడతాను. అంతటితో అయిపోదు, సీసాలో మిగిలిన నలభై కూడా లెక్కించాలి. దాన్ని బ్యాక్ కౌంట్ అంటాం. రిజిస్టరులో నిల్వ 40 అని రాసి, పొడి అక్షరాలు పెట్టి, సీసాని సేఫ్‌లో పెట్టి తాళం వేస్తాను. ఫెడరల్ నిబంధన అడిగేది రెండేళ్లకోసారి పూర్తి నిల్వ లెక్క. కానీ ప్రతి మాత్రకూ రోజువారీ లెక్క రాసుకోని ఫార్మసీలో నేను పనిచేయలేను. ఆ నలభై ముప్పై తొమ్మిదని తేలిన రోజున షాపు మూసేశాక కూడా ఎవరం ఇంటికి కదలం. ట్రే కింద, చెత్తబుట్టలో, అప్పటికే నింపి పెట్టిన డబ్బాల్లో వెతుకుతాం. దొంగతనమనో, పెద్ద నష్టమనో తేలితే ఒక్క పనిదినంలో మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏకి రాతపూర్వకంగా చెప్పాలి.

లెక్క ఎవరికైనా పట్టుబడుతుంది. పట్టుబడనిది ఎదుట నిలబడ్డ మనిషి విషయం. మందు సరిగ్గా రాసే బాధ్యత డాక్టరుదైతే, దానికి దీటైన బాధ్యత మందు ఇచ్చే ఫార్మసిస్టుదని ఫెడరల్ నిబంధన చెబుతుంది. డాక్టరు రాశాడు, నేనిచ్చాను అంటే చెల్లదు. ఆ మాటకి ఇప్పుడింత బరువు ఊరికే రాలేదు. 1996లో ఆక్సికోడోన్ మాత్ర ఆక్సీకాంటిన్ మార్కెట్లోకి వచ్చాక జరిగిందంతా ఈ దేశం కళ్లారా చూసింది. మాత్రలతో మొదలైన విషాదం హెరాయిన్‌కీ, అక్కడినుంచి దొంగ ఫెంటానిల్‌కీ పాకింది. 2021, 2022ల్లో ఏడాదికి 80 వేల మందికి పైగా ఓపియాయిడ్లు మితిమీరి చనిపోయారు. అందుకే మాకు అనుమానించడం నేర్పించారు. దూరప్రాంతం నుంచి రావడం, ఇన్సూరెన్స్ ఉన్నా నగదు ఇస్తాననడం, మోతాదు ఎక్కువగా ఉండడం, ఇవన్నీ ఆగి చూడమని చెప్పే గుర్తులు.

ఒక సాయంత్రం ఒకావిడ ఈ గుర్తులన్నిటితోనూ వచ్చింది. భర్త కోసం మార్ఫిన్. ఊరు గంట ప్రయాణం. ఇన్సూరెన్స్ అక్కర్లేదు, డబ్బు కట్టేస్తానంది. ఎవరికి ఈ మందులు ఎవరు రాశారో, ఎక్కడ ఇచ్చారో నమోదయ్యే రాష్ట్ర డేటాబేసు తెరిస్తే అతనికి నెలనెలా అదే డాక్టరు, అదే ఫార్మసీ. తేడా ఈ నెలే. డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేశాను. క్యాన్సర్ ఎముకలకు పాకిందట. మామూలుగా వెళ్లే ఫార్మసీలో సరుకు రాలేదట, దారిలో మరో రెండుచోట్ల లేదన్నారట. మోతాదు పెంచినందుకు ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతికి రోజులు పడుతుంది, నొప్పికి ఈ రాత్రే మందు కావాలి. అనుమానం పుట్టించినవాటిలో ప్రతిదానికీ జవాబుంది. అది తెలియడానికి పట్టింది ఒక్క ఫోన్ కాల్. రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాను. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు కాబట్టి దానికేం వాడాలో చెప్పాను. మందు మితిమీరితే విరుగుడుగా ఇంట్లో నార్కాన్ స్ప్రే ఒకటి ఉంచుకోమన్నాను.

నిజంగానే సరుకు లేని రోజులుంటాయి. ఆడరాల్ కొరతని 2022 అక్టోబరులో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే ప్రకటించింది. ఫార్మసీ ఎంత ఆర్డరు పెట్టొచ్చో హోల్‌సేలర్లు గీత గీస్తారు. కానీ సేఫ్‌లో సీసా పెట్టుకుని, ఎందుకొచ్చిన గొడవలే అని ‘స్టాక్ లేదు’ అనడం వేరు. కళ్లుమూసుకుని మాత్రలు పోసిన ఫార్మసిస్టుది ఎంత తప్పో, భయంతో అబద్ధమాడి పంపేసే ఫార్మసిస్టుదీ అంతే తప్పు. అనుమానం తీరకపోతే ఇవ్వను అని చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. ఆ మాట కష్టమే, అయినా అది మన పని.

మన తెలుగువాళ్ల సంగతీ ఒకటి చెప్పాలి. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దాయన ఒకరు మోకాలి నొప్పితో కౌంటరు దగ్గరికొచ్చి, “అమ్మాయ్, మావాడికి పన్ను పీకినప్పుడిచ్చిన మాత్రలు మిగిలాయి, నేను వేసుకోనా?” అనడిగారు. “వద్దంకుల్, ఆ డబ్బా మీద ఇంకొకరికి ఇవ్వకూడదని చట్టమే రాయించింది” అన్నాను. పైగా ఆయన నిద్రకి ఆల్ప్రాజోలం వేసుకుంటారని మాటల్లో తెలిసింది. పంటికిచ్చిన ఆ ఓపియాయిడ్ మాత్రలూ ఇదీ కలిస్తే నిద్రలో ఊపిరి ఆగిపోవచ్చు. మిగిలిన మాత్రలు అల్మారాలో దాచకండి, ఫార్మసీల్లో పెట్టిన వాపసు పెట్టెల్లో వేసేయండి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ మందులు రాస్తే, లేదనగానే వెనక్కి తిరిగి వచ్చేయకండి. ఫార్మసిస్టునే పిలిచి, ఎప్పుడు తెప్పిస్తారని అడగండి. కొన్నే ఉంటే ఉన్నవి ఇచ్చి మిగతావి 72 గంటల్లో ఇచ్చే వీలుంది. 2023 ఆగస్టు నుంచి, ఇంకా ఒక్కసారీ నింపని ఎలక్ట్రానిక్ ప్రిస్క్రిప్షన్‌ని రోగి కోరితే ఒకసారి మరో ఫార్మసీకి పంపొచ్చు, రాష్ట్ర చట్టం అడ్డు రాకపోతే. అనుమానమేదైనా ఉందా అని సూటిగా అడగండి, డాక్టరు నంబరు ఇచ్చి అక్కడే ఫోన్ చేయమనండి.