మూడు యంత్రాలు, పది రాగాలు

ఈ వారం ఒక పెళ్లి ఆర్కెస్ట్రా కళాకారుడి గురించి రాయాలనిపించింది. పేరు చరణ్‌జిత్ సింగ్, ఊరు బొంబాయి. హిందీ సినిమా రికార్డింగుల్లో గిటార్, బేస్ వాయిస్తూ, సొంత ఆర్కెస్ట్రాతో పెళ్లిళ్లకూ పార్టీలకూ వెళ్లేవారు. 1982లో ఆయన రోలాండ్ కంపెనీ యంత్రాలు మూడు ముందు పెట్టుకుని హెచ్‌ఎంవీకి ఒక ఎల్పీ వాయించి ఇచ్చారు. జూపిటర్-8 మీద రాగం, టీబీ-303 మీద బేస్, టీఆర్-808 మీద డ్రమ్స్. భైరవ్, తోడి, యమన్, భూపాలీ, మాల్కౌన్స్... మొత్తం పది రాగాలు, డిస్కో నడకలో. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఆయన మళ్లీ పెళ్లిళ్లకు వాయించుకున్నారు.

ఆ టీబీ-303 కథ కూడా అలాంటిదే. గిటార్ వాయించేవాళ్లకు ఇంట్లో సాధన చేసుకునేటప్పుడు బేస్ తోడుండాలని 1981లో మార్కెట్లోకి తెచ్చిన చిన్న పెట్టె అది. తీరా చూస్తే అసలైన బేస్ గిటార్‌లా మోగలేదు. మూడేళ్లకే తయారీ ఆపేశారు. పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా దొరుకుతుంటే షికాగో కుర్రాళ్లు కొనుక్కుని, దాని నాబ్‌లు తిప్పుతూ ఒక కొత్త సంగీతాన్నే పుట్టించారు. యాసిడ్ హౌస్ అన్నారు దాన్ని. ఫ్యూచర్ అనే బృందం 'యాసిడ్ ట్రాక్స్' విడుదల చేసింది 1987లో. ఆ పెట్టెనే పెట్టుకుని, అలాంటి ధ్వనినే అంతకు ఐదేళ్ల ముందు బొంబాయిలో ఒక పెళ్లి ఆర్కెస్ట్రా కళాకారుడు రికార్డు చేసి పెట్టాడన్న సంగతి ప్రపంచానికి తెలిసేసరికి 2010 వచ్చింది. హాలండ్‌కు చెందిన బాంబే కనెక్షన్ సంస్థ ఆ ఎల్పీని తిరిగి విడుదల చేయడంతో ఆయన పేరు దేశాలు దాటింది. డెబ్బై ఏళ్లు దాటిన వయసులో, తన సంగీతం తానే వాయించడానికి చరణ్‌జిత్ సింగ్ ఐరోపా వేదికలెక్కారు. ఆల్బం వచ్చిన మూడు దశాబ్దాలకు జరిగిన పర్యటన అది. 2015 జూలైలో కన్నుమూశారు.

కీబోర్డ్ వాయించేవాణ్ని కాబట్టి ఆ రికార్డులో నన్ను పట్టుకున్నది వేరే ఉంది. 303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారే ఏర్పాటు ఉంది. పాశ్చాత్యులకు అదొక వింత ధ్వని. మన చెవికి అది జారు. మాల్కౌన్స్ అంటే మన హిందోళం, భూపాలీ అంటే మన మోహన. ఆ రాగాల్లో స్వరం మీద నుంచి స్వరం మీదకు ఎలా దిగాలో తెలిసిన మనిషి చేతిలో పడింది ఆ యంత్రం. గమకం పలకని వాయిద్యమని కీబోర్డును తీసిపారేసేవాళ్లు ఆ రికార్డు ఒకసారి వినాలి. వయొలిన్ కూడా ఐరోపా నుంచే వచ్చింది కదా. మా విశాఖ పక్కనే విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు కమాను పట్టాక అది పరాయిదని ఎవరన్నారు?

మా విశాఖలో కీబోర్డ్, ఆక్టోపాడ్ వాయించే చేతులకు కరువు లేదు. గణపతి నవరాత్రుల్లో గాజువాక నుంచి మధురవాడ దాకా పందిరి పందిరికీ ఆర్కెస్ట్రా ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల ఆ స్థానంలో డీజే పెట్టెలొచ్చాయి. ఆర్కెస్ట్రా పనిలో అసలు విద్య పోలిక పట్టడం. సినిమా పాటలో వినిపించిన ఆ ఫ్లూట్, ఆ తీగలు, ఆ బేస్ కీబోర్డులోని ఏ ప్యాచ్‌లో, అంటే ఏ ధ్వని అమరికలో, దొరుకుతాయో వెతకాలి, లేకపోతే రెండు ప్యాచ్‌లు కలిపి తయారు చేసుకోవాలి. గాయని శ్రుతి అరమెట్టు దించమంటే పాట మధ్యలోనైనా దించగలగాలి. ఎడమచేత్తో పిచ్ బెండ్ చక్రం కదుపుతూ షెహనాయి ఏడ్చినట్టు ఏడిపించాలి. ఇది చిన్న విద్య కాదు, ఏళ్లు పడుతుంది. అయితే ఇంత నేర్చిన చేతుల్ని, నీ సొంతది ఒకటి వాయించు అని అడిగినవాళ్లు మాత్రం నాకెప్పుడూ ఎదురుపడలేదు.

సొంతది వాయిస్తామన్నా, ఎలక్ట్రానిక్ సంగీతం మీద ఎప్పుడూ ఉండే అనుమానం ఒకటుంది: అంతా యంత్రమే వాయిస్తే స్టేజీ మీద మనిషికేం పని అని. దీనికి 1981లోనే జవాబు చెప్పింది జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్. ఆ ఏడాది మే నెలలో 'కంప్యూటర్ వరల్డ్' ఆల్బం విడుదల చేసి ప్రపంచ పర్యటనకు బయల్దేరారు. ఐరోపా, అమెరికా, జపాన్ తిరిగారు, బొంబాయికీ వచ్చారు. డ్యూసెల్‌డార్ఫ్‌లోని తమ క్లింగ్ క్లాంగ్ స్టూడియోను ఊరూరా మోసుకెళ్లడానికి వీలుగా మళ్లీ కట్టుకుని, దాన్నే వేదిక మీద నిలబెట్టారు. ఉన్నది నలుగురే. 'పాకెట్ కాలిక్యులేటర్' పాట వచ్చినప్పుడు చేతిలో పట్టే చిన్న పరికరాలతో ముందుకొచ్చి, వాటి మీటలు ప్రేక్షకుల చేత నొక్కించేవారు. జపాన్‌లో ఆ పాటను జపనీస్‌లోనే పాడారు.

వేదిక మీద పని నిజంగానే ఉంటుంది. ఏ భాగం ఎప్పుడు లోపలికి రావాలి, ఏది ఎంతసేపు ఆగాలి, ఫిల్టర్ ఎంత తెరవాలి అన్నది జనాన్ని చూస్తూ ఆ క్షణంలో తేల్చుకోవాలి. బేస్ తీసేసి ఎనిమిది ఆవర్తాలు ఆపి తిరిగి వదిలితే హాలు ఒక్కసారి లేస్తుంది. నాలుగు ఆవర్తాలకే వదిలేస్తే ఏమీ జరగదు. తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసుడు చేసే లెక్కకు ఇది దూరమేమీ కాదు.

ఇక ఈ సంగీతం పుట్టిన ఊళ్లు చూడండి. క్రాఫ్ట్‌వెర్క్ ఊరు డ్యూసెల్‌డార్ఫ్ పక్కనే రూర్ లోయ. అదంతా బొగ్గూ ఉక్కూ. ఇంగ్లండ్‌లో ఉక్కునగరమంటే షెఫీల్డ్. క్యాబరే వోల్టేర్, హ్యూమన్ లీగ్ లాంటి ఎలక్ట్రానిక్ బృందాలు అక్కడే పుట్టాయి. రాత్రిళ్లు ఫోర్జింగ్ సమ్మెటల చప్పుడు వింటూ పెరిగామని ఆ ఊరి సంగీతకారులు చెప్పుకుంటారు. మరి మనకు? 1966 ఉద్యమంలో ప్రాణాలిచ్చి సాధించుకుని, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఉంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లు పెట్టుకున్న ఊరు మనది. 1933 నుంచి ఓడలకు రేవు ఉంది. కన్వేయర్ బెల్టుల మోత, ఆటోనగర్ లేత్ మెషీన్లు, ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున మొదలయ్యే బోటు ఇంజన్లు, షిఫ్టు సైరన్ – ఇవన్నీ మన పిల్లల చెవుల్లో ఉన్నాయి. వాళ్ల పాటల్లోకి మాత్రం రాలేదు. రావడానికి చోటు మనమే ఇవ్వలేదని నా అభిప్రాయం.

తెలుగువాళ్ల సంగీతం విదేశాలకు వెళ్లడం లేదని కాదు. మన సంగీత దర్శకులు పెద్ద బృందాలతో అమెరికా నగరాలు చుట్టి వస్తున్నారు, హాళ్లు నిండుతున్నాయి. అవి హిట్ పాటల కచేరీలు. అందులో తప్పులేదు, దూరదేశంలో ఉన్నవాళ్లకు ఆ పాటలు కావాలి. కానీ కొత్త ఆల్బం పట్టుకుని, ఒక్క పాటా తెలియని జనం ముందు నిలబడటం వేరు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అది చేసి చూపించారు. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తూ 1983లో, ఇంకా పిల్లవాడుగా ఉన్నప్పుడే, బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లారు. 1995లో గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బం చేశారు, పీటర్ గాబ్రియేల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థకు. గిటార్, ఎలక్ట్రానిక్ ధ్వనుల మధ్య ఆ మాండలిన్ ఎక్కడా తప్పిపోదు. సినీ సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్ ఆయన శిష్యుడే. దారి లేదని ఎలా అంటాం?

ప్రయాణం సంగతులు నేర్చుకోవచ్చు. వాయిద్యాలు పట్టుకెళ్లి తిరిగి తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నే అనే పత్రం ఉంది. దాన్ని అంగీకరించే దేశాల్లో సుంకం కట్టక్కర్లేదు. మన దేశంలో ఫిక్కీ ఇస్తుంది. మన 230 వోల్టులు అమెరికాలో 120, జపాన్‌లో 100 – ఏ అడాప్టర్ దేనికి ఆగుతుందో ముందే చూసుకోవాలి. ల్యాప్‌టాప్ ఒకటి కాదు, రెండుండాలి. ఇవన్నీ తర్వాతి మాట. ముందు ఆల్బం కావాలి, దానికంటే ముందు ఊళ్లో వినేవాళ్లు కావాలి.

అందుకే పందిళ్లు వేసే కమిటీలకూ, కాలేజీ ఫెస్టులు జరిపేవాళ్లకూ, ఉక్కునగరంలో, పోర్టు కాలనీల్లో కార్యక్రమాలు పెట్టేవాళ్లకూ నా విన్నపం: ఈసారి నవరాత్రుల్లో ఒక్క సాయంత్రం, అరగంట, మన కుర్రాళ్ల సొంత సంగీతానికి వదలండి. కూర్చుని వినండి. నచ్చకపోతే నచ్చలేదని వాళ్ల మొహం మీదే చెప్పండి, నేర్చుకుంటారు. మధ్యలో సినిమా పాట మాత్రం అడగకండి.