ఆల్టా లోయలో పొడిమంచు విద్య

మనుచరిత్రమునందలి ప్రవరుడు హిమవత్పర్వత శోభను చూడబోయి, పాదలేపము మంచునకు కరగిపోగా, ఇంటికి మరలు దారి కానక తపించిన కథ తెలుగు పాఠకునకు చిరపరిచితము. అమెరికా దేశమున యూటా రాష్ట్రమునందు, వాసాచ్ అను పర్వతశ్రేణిలో, ఏటేట శీతకాలమున వేలకొలది జనులు కాళ్లకు స్కీ పలకలు బిగించుకొని, వాని అడుగున ఆనాటి మంచు చలికి తగిన మైనము రాచుకొని, కొండకొమ్ములనుండి దిగుచుందురు. వారి లేపము కరగునది కాదు. కాని వారు వెదకికొని పోయి దిగెడి వాలులు, అప్పుడే కురిసిన పొడిమంచు నడుములోతున పేరుకొనియుండు నిటారు వాలులు, ప్రవరుడు చూచియుండినచో ఆ లేపమును పూసికొనుటకే జంకియుండెడివాడు.

ఈ విద్యకు పుట్టినిండ్లు అనేకములు కలవు. వానిలో ఆల్టాకు ప్రత్యేకస్థానము. వాసాచ్ కొండలలోని లిటిల్ కాటన్‌వుడ్ అను ఇరుకులోయ కొసన, సముద్రమట్టమునకు సుమారు 2,600 మీటర్ల ఎత్తున నున్న ఈ ఊరు పందొమ్మిదవ శతాబ్దమున వెండిగనులవలన వెలసి, గనులతోపాటే క్షీణించినది. గనులవారు కొండలమీది చెట్లను నరికివేసిరి. నిలుపు లేని మంచుచరియలు విరిగిపడి వారిలో పలువురను పొట్టన పెట్టుకొన్నవి. 1930లలో ప్రభుత్వ అటవీశాఖ పక్షమున స్కీ విద్యకు తగునేమోయని ఈ లోయను పరిశీలించిన ఆల్ఫ్ ఎంగెన్ నార్వే దేశమున జన్మించినవాడు, స్కీ దూకుడులో పేరుమోసినవాడు. వెండి ఖనిజమును దింపుటకు వేసిన పాత తీగమార్గపు సామగ్రితో నిర్మించిన కుర్చీల లిఫ్టు 1939లో ఇచ్చట నడవసాగెను. ఎంగెన్ తరువాత దశాబ్దములకొలది ఇచ్చటి స్కీ పాఠశాలను నడపెను.

ఇచ్చట ఏటికి సగటున 12 మీటర్లకు మించి మంచు కురియును. పసిఫిక్ మహాసముద్రమునుండి బయలుదేరిన తుపానులు నెవాడా ఎడారిని దాటునప్పటికి తడిని చాలవరకు కోల్పోయి, వాసాచ్ గోడనెక్కునప్పుడు పొడిపొడిగా రాలును. ఉప్పుదనముచేత గడ్డకట్టని మహాలవణసరస్సు అప్పుడప్పుడు మరికొంత తేమను అరువిచ్చును. ఈ మంచులో నూటికి తొంబది పాళ్లు గాలియే. అయినను తేలికదనమొక్కటే దీని రహస్యము కాదు. తుపాను మొదట వెచ్చగా వచ్చి రానురాను చల్లబడుటచే, బరువైన మంచు అడుగునను తేలికైనది పైనను పేరుకొనును. అట్టి పరుపుమీదనే పలకలు చక్కగా తేలును. ఈ వరుస తారుమారైనచో ఎంత మంచు కురిసినను ఆనందము సున్న.

గట్టిపడిన మంచుమీద స్కీ చేయువాడు మలుపునకు వెలుపలనుండు కాలిమీద బరువంతయు మోపి, పలక అంచుతో మంచును కోసికొనుచు తిరుగును. ఇదే అలవాటుతో పొడిమంచులో దిగినవాని గతి దయనీయము: బరువు మోపిన పలక మునుగును, రెండవది తేలును, కాళ్లు చెరియొక దారిని పోవును. కావున ఇచ్చట రెండు పాదములను దగ్గరగా నుంచి, బరువును సమముగా పంచి, రెండు పలకలను ఒక్క పలకవలె నడపవలెను. మునుగుదుమను భయమున వెనుకకు వాలుట కొత్తవారి సహజదోషము. దానివలన తొడలు మండును గాని పలకలు మాట వినవు. మలుపు చివర కాళ్లక్రింది మంచు ఒత్తిడికి గట్టిపడి మనిషిని తిరిగి పైకి నెట్టును, దేహము ఒక్క క్షణము తేలికపడును. ఆ క్షణముననే తరువాతి మలుపును ఆరంభింపవలెను. ఊయల తొక్కు పిల్లవాడు ఎప్పుడు ఒంగవలెనో ఎప్పుడు లేవవలెనో గ్రహించునట్లే దీనిని దేహము గ్రహింపవలసినదే గాని బోధచే పూర్తిగా తెలియదు. మనిషి పొడుగును మించిన సన్నని కొయ్యపలకలతో ఈ లయను సాధించుటకు పూర్వులు పడిన పాట్లు తక్కువవి కావు. 1940ల ఆరంభమున ఆల్టాలో స్కీ నేర్పిన డిక్ డ్యూరన్స్, లోతైన మంచునకై తాను రూపొందించిన మలుపునకు 'డిప్సీ డూడిల్' అని వేళాకోళపు పేరు పెట్టెను.

ఇచ్చటనే ఒక చిక్కు కలదు. ఈ విద్య గుట్టంతయు అందే యున్నదని నా తలంపు. లోతైన మంచు పలకలను అడ్డగించును గనుక మెల్లని వాలులో మనిషి ఉన్నచోటనే నిలిచిపోవును. సన్నని పలకలతో 30 డిగ్రీలు దాటిన పిమ్మట గాని లయ సిద్ధింపదు. కాని మంచు అట్టలు అట్టలుగా తెగి జారిపడుటయు ముఖ్యముగా 30 మొదలు 45 డిగ్రీల వాలులయందే. ఏ వాలు ఆనందమునిచ్చునో ఆ వాలే ప్రాణము తీయగలదు. నిర్మలమైన చలిరాత్రులలో పాతమంచు లోపల పంచదార పలుకులవంటి పొర యేర్పడును. దానిమీద కొత్తమంచు బరువు నిలిచియుండగా, ఒక మనిషి బరువు తోడైనచో అంతయు ఒక్కుమ్మడిగా కదలును. ఇట్లు మరణించినవారిలో అత్యధికులు తామో తమ తోడివారో కదలించిన మంచుక్రిందనే మరణించిరి.

అందుచేత ఆల్టాలో వినోదముతోపాటు శాస్త్రమును పెరిగినది. రెండవ ప్రపంచయుద్ధమున పర్వతదళములో పనిచేసిన మాంటీ అట్‌వాటర్ యుద్ధానంతరము అటవీశాఖ ఉద్యోగిగా వచ్చి, ఏ గాలికి, ఎంత మంచునకు చరియలు తెగునో లెక్కలు కట్టి, ఫిరంగులతో వానిని ముందుగానే కూల్చు పద్ధతిని స్థిరపరచెను. స్విట్జర్లాండులోని డావోస్‌లో హిమశాస్త్రమభ్యసించిన ఎడ్ లాషపెల్ 1952లో అతనితో చేరెను. నేటికిని తుపాను ముదిరినపుడు ఆల్టాలో 'ఇంటర్‌లాడ్జ్' ప్రకటింతురు. అప్పుడు ఇంటినుండి వెలుపలికి అడుగుపెట్టుట చట్టరీత్యా నేరము. 2021 ఫిబ్రవరిలో అట్టి నిర్బంధము సుమారు 60 గంటలు సాగెను. మంచుకొరకు వేల మైళ్లు వచ్చినవారు కిటికీలోనుండి దానిని చూచుచు కూర్చుండవలసివచ్చుట ఎంత విడ్డూరము!

నిటారుతనమునే పరమార్థముగా గ్రహించినవారు వేరొక శాఖ. స్విట్జర్లాండు దేశీయుడు సిల్వేన్ సోదాన్ 1967లో ఫ్రాన్సులోని షమోనీ పర్వతములయందు 50 డిగ్రీలకు మించిన స్పెన్సర్ కూలువార్ అను మంచుచీలికను దిగెను. అతడు 1977లో మన హిమాలయములయందలి 7,135 మీటర్ల నున్ శిఖరమునుండియు స్కీలపై దిగెను. అచ్చట లయకు తావు లేదు. మడమలమీద బరువు నిలిపి, పలకల ముందుభాగములను ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు త్రిప్పుచు, ప్రతి మలుపు తరువాతను నిలద్రొక్కుకొనవలెను. నాకు ఈ సాహసముపై గౌరవమే గాని, సౌందర్యము పొడిమంచు వైపుననే యున్నదని తోచును.

1980ల చివర ఆస్ట్రియాలోని ఆటమిక్ సంస్థ వెడల్పు పలకలను తయారుచేసిన పిమ్మట, ఏండ్ల తరబడి అభ్యసింపవలసిన తేలుట కొద్దిదినముల పనియయ్యెను. వృద్ధులును మోకాళ్ల నొప్పులవారును తిరిగి కొండకు వచ్చిరి, ఇది మేలే. వెడల్పు పలకలు 25 డిగ్రీల వాలులోను తేలును గనుక, ఆనందమును ప్రమాదమునుండి కొంత విడదీయుటకు వీలు చిక్కినది. కాని జనులు ఆ వీలును మరింత నిటారు వాలులకై వినియోగించిరి. రిసార్టు వాలులలోని కొత్తమంచు ఒక్క పూటలో చెల్లిపోవుటచే, ఫిరంగి మ్రోగని వెలుపలి కొండలకు పోవువారు పెరిగిరి. వారు యూటా అవలాంచ్ సెంటరు ప్రతి ఉదయము ప్రకటించు సూచనలను చదువుదురు, మంచుక్రింద చిక్కినవారి జాడ తెలుపు బీకన్ అను పరికరమును ఒంటిపై ధరింతురు, గోతి త్రవ్వి పొరలను పరీక్షింతురు, ఒక్కొక్కరుగా దిగుదురు, మిగిలినవారు క్షేమమైన చోటనుండి కన్నార్పక చూతురు. సందేహము కలిగినపుడు మెల్లని వాలుతో తృప్తిపడవలెననునదియు ఆ నియమములలోనిదే. అన్నిటికంటె ఎక్కువగా ఉల్లంఘింపబడునదియు అదియే.