చివర వచ్చే పని

ఇల్లు కట్టేటప్పుడు అందరికంటే చివర అడుగుపెట్టేది రంగుల పనివాళ్లం. పునాది, స్లాబు, ప్లాస్టరింగు, కరెంటు, టైల్స్ అన్నీ అయ్యాకే మా వంతు. అప్పటికి ఇంటాయన దగ్గర డబ్బు అడుగంటి ఉంటుంది. బ్యాంకు లోను ఆఖరి విడత కూడా ఖర్చయిపోతుంది, గృహప్రవేశం ముహూర్తం మాత్రం నెత్తిమీద ఉంటుంది. పాత ఇళ్లది ఇంకో తీరు. చేతిలో డబ్బు ఆడని ఏడాది జనం మొట్టమొదట వాయిదా వేసేది రంగులే. పిల్లల ఫీజులు ఆగవు, మందులు ఆగవు. గోడ ఇంకో ఏడాది ఆగుతుంది. ఈ రెండింటి నడుమే విజయవాడలో నా పెయింటింగ్ కాంట్రాక్టు నడుస్తోంది.

కొత్త ఇళ్ల దెబ్బ మాకు ఆలస్యంగా తగులుతుంది. 2019లో ఇసుక దొరక్క తాపీ పనివాళ్లు ఖాళీగా కూర్చున్నప్పుడు మాకు చేతినిండా పని ఉంది. అవి అంతకుముందే ప్లాస్టరింగ్ అయిన ఇళ్లు. అవి అప్పగించాక చూస్తే వెనక కొత్త ఇల్లు లేదు. అమరావతి పనులు ఆగిపోయిందీ ఆ ఏడాదే. ఆ లోటు పూడకముందే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మిగతా పనులు మొదలయ్యాక కూడా మమ్మల్ని పిలవడానికి జనం జంకారు. కాపురం ఉన్న ఇంట్లో, వంటింట్లో, పడకగదిలో చేసే పని మాది. వాళ్లను తప్పుపట్టలేం.

ఆషాఢంలో కొటేషన్ ఇస్తే పని దసరాకి మొదలవుతుంది. 2021లో ముడిచమురు, ఇతర ముడిసరుకుల ధరలు పెరిగి కంపెనీలు రంగుల రేట్లు పదేపదే పెంచాయి. మనం ఒప్పుకున్న అంకె కదలదు, డబ్బా ధర కదులుతుంది. అప్పటినుంచి కూలి విడిగా, సరుకు విడిగా రాసిస్తున్నాను. సరుకుకి కొన్నరోజు షాపు బిల్లే లెక్క.

రేటు తగ్గించమని ఇంటాయన పట్టుబట్టినప్పుడు ఈ పనిలో ఒక చెడ్డ దారి తెరుచుకుంటుంది. బ్రాండు మారదు, రంగు మారదు, కంటికి కనపడనివే మారతాయి. రెండుసార్లు పెట్టాల్సిన లప్పం ఒక్కసారితో సరి. ప్రైమర్ ఎగిరిపోతుంది. ఎమల్షన్‌లో డబ్బా మీద రాసినదానికంటే ఎక్కువ నీళ్లు పడతాయి. గోడ పక్కనుంచి లైటు వేసి చూస్తే లప్పంలో ఎగుడుదిగుళ్లు పట్టుబడతాయి గానీ, ప్రైమర్ లేదన్న సంగతి ఒక వానాకాలం గడిచాకే పొరలు లేచి బయటపడుతుంది. మూఢం వచ్చేస్తోందని పచ్చి ప్లాస్టరింగ్ మీదే రంగు వేయమనేవాళ్లూ ఉంటారు. ఆ ఇంటికీ ఇదే గతి. డబ్బు చాలకపోతే గదులు తగ్గించండి, కోట్లు తగ్గించకండి అంటాను. ఈసారికి హాలు, వంటిల్లు చేయించుకుంటే పడకగదులు వచ్చే ఏడాది చూసుకోవచ్చు. కొందరు వినరు, వేరే మేస్త్రీని పెట్టుకుంటారు. బాధగానే ఉంటుంది, ఆ నెల ఇల్లు గడవడం కష్టమవుతుంది కూడా. అయినా ప్రైమర్ లేని గోడను నేను అప్పగించలేను.

వీటన్నిటికంటే నాకు దిగులు మనుషుల గురించి. లప్పం నున్నగా లాగే చేయి ఏళ్లమీద తయారవుతుంది. దసరా నుంచి సంక్రాంతి దాకా అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నా చాలరు. ఆషాఢంలో, మూఢంలో పని లేదంటే వాళ్లు హైదరాబాదో బెంగళూరో బండెక్కుతారు. అక్కడ అలవాటు పడ్డవాళ్లు సీజనుకు తిరిగిరారు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు శనివారం కూలి ఇవ్వడానికి నా దగ్గర నోట్లు లేవు. తెలిసిన కిరాణా కొట్లో నా ఖాతా మీద వాళ్ల ఇళ్లకు బియ్యం, నూనె ఇప్పించాను. వాళ్లలో చాలామంది ఇవాళ్టికీ నాతోనే ఉన్నారు.

ఈ ఆషాఢానికి ఒక అపార్టుమెంటులో మెట్ల రెయిలింగులు, కిటికీ గ్రిల్స్ పని ఒప్పుకున్నాను. తుప్పు గీకి, రెడాక్సైడ్ కొట్టి, ఎనామిల్ రెండు కోట్లు వేయాలి. నాకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. మెట్లు, గదులు లోపలే కాబట్టి వాన పడ్డా పని ఆగదు, శ్రావణం దాకా అందరికీ కూలి ఉంటుంది.