గడ్డం వెనక్కి

తల బరువు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. అది భుజాలకు సరిగ్గా పైన నిలిచినంతసేపూ మెడకు పెద్ద శ్రమ లేదు. ముందుకు వాలిందంటే మాత్రం పడిపోకుండా వెనక కండరాలు పట్టి ఉంచాలి. తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద దాదాపు 27 కిలోల భారం పడుతుందని 2014లో అమెరికా వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ లెక్కగట్టారు. పత్రికలు ఈ అంకెను తెగ వాడుకున్నాయి. అది కంప్యూటర్ నమూనాతో వేసిన లెక్కే తప్ప మనుషుల మెడల్లో కొలిచింది కాదు. వంగి ఫోను చూసేవాళ్లందరికీ నొప్పి వస్తుందనీ కాదు.

ఈ వంపు వెనక కండరాల కథేమిటో చెక్ వైద్యుడు వ్లాదిమీర్ యాండా వివరించారు. ఛాతీ కండరాలు, మెడ నుంచి భుజం మీదికి దిగేవి బిగుసుకుంటాయి. మెడ లోపలివి, రెక్క ఎముకను కిందికి పట్టి ఉంచేవి నీరసిస్తాయి. "నిటారుగా కూర్చో" అని పెద్దలు ఎంత గదమాయించినా ఆ నిటారు రెండు నిమిషాలు దాటనిది అందుకే.

ఫిజియోథెరపిస్టులు తరచూ ముందుగా నేర్పేది గడ్డం వెనక్కి లాగడం. చూపు ఎదురుగానే ఉంచి, సొరుగు మూసినట్టు గడ్డాన్ని నేరుగా వెనక్కి నెట్టాలి. గడ్డం కింద మడత పడాలి. ఐదు సెకన్లు ఆగి వదలాలి; ఇలా పదిసార్లు. సులువే అనిపిస్తుంది గాని, చాలామంది గడ్డాన్ని ఛాతీకి ఆనించేస్తారు. మెడ లోపలి కండరాల సత్తా తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చిన్న గాలిసంచి పెట్టి, 20 మిల్లీమీటర్ల పాదరస పీడనం వచ్చేదాకా నింపుతారు. 'ఔను' అన్నట్టు తలను కొద్దిగా వంచితే పీడనం చూపే ముల్లు 22కు ఎక్కాలి, పది సెకన్లు కదలకుండా నిలవాలి. అలా రెండేసి చొప్పున 30 దాకా. మెడ ముందువైపు కండరాలు ఉబ్బి పైకి తేలాయంటే, లోపలివి చేయాల్సిన పనిని బయటివి లాక్కున్నాయన్నమాట. అక్కడితో ఆపి, ఆ మెట్టు నుంచే సాధన మొదలుపెట్టిస్తారు.

రెక్క ఎముకలను పట్టి ఉంచే కండరాలకు రబ్బరు పట్టీ లాగిస్తారు, ఛాతీని గుమ్మం పట్టుకుని సాగదీయిస్తారు. ఇదంతా వారాల పని. అంగట్లో దొరికే భుజాల బెల్టు కట్టినంతసేపు వీపు నిలబడుతుంది గాని కండరానికి బలం రాదు. ఎంత చక్కగా కూర్చున్నా గంటల తరబడి అలాగే ఉంటే పట్టేస్తుంది, కాబట్టి అరగంటకోసారి లేవమంటారు.

చేతుల్లో తిమ్మిరి ఉన్నా, పట్టు తగ్గినా వ్యాయామం కన్నా ముందు డాక్టరు పరీక్ష కావాలి. ఎముకలు గుల్లబారి వెన్నుపూసలు నలిగినప్పుడు వచ్చే గూని వ్యాయామంతో పూర్తిగా పోదు. అలాంటి గూని ఉన్నవాళ్ల చేత ముందుకు వంగే కసరత్తులు చేయించరు.