అగస్టీనుని ఆత్మకథ: మోనికా పాత్ర

లాటిను వాఙ్మయమునందలి ఆత్మకథలలో అగస్టీను రచించిన 'కన్‌ఫెస్సియోనెస్' అగ్రగణ్యము. క్రీస్తుశకము 397, 400 సంవత్సరముల ప్రాంతమున వ్రాయఁబడిన యీ గ్రంథము 13 భాగములు గలది. గ్రంథనామమునకు మూలమైన లాటినుశబ్దమునకుఁ దప్పు నొప్పుకొనుట యనియు, దేవుని స్తుతించుట యనియు రెండర్థములు గలవు. గ్రంథకర్త యీ రెండింటిని విడఁదీయక నడపినాఁడు. నేఁటి అల్జీరియాదేశములోని తగస్తే పట్టణమున 354లో జన్మించి, కార్తేజి, రోము, మిలాను నగరములయందు వక్తృత్వశాస్త్రమును బోధించి పేరుగాంచిన యీ పండితుఁడు 386లో మనసు మార్చుకొని, 387లో మిలానునందు బాప్తిస్మము పొందెను. ఆ మార్పునకుఁ దల్లి మోనికా ముఖ్యకారణ మని లోకప్రసిద్ధి. కాని యామె చేసిన దేమి? బోధించెనా, వాదించెనా, శాసించెనా? గ్రంథమును శ్రద్ధగాఁ జదివినచో నామె వాక్కు పలుమాఱులు విఫలమైనదనియు, ఫలించినది యామె నడవడి యనియుఁ దెలియును. మాటలే జీవనోపాధిగాఁ గల కొడుకు మాట లేని తల్లి ప్రభావమును వర్ణించుట యిందలి విశేషము.

ఉపదేశము మూఁడు తెఱఁగులని మన యాలంకారికులు చెప్పుదురు. వేదము ప్రభువువలె నాజ్ఞాపించును. పురాణేతిహాసములు మిత్రునివలె హితము చెప్పును. కావ్యము కాంతవలె మనసును గరఁగించి మంచిదారికిఁ ద్రిప్పును. మమ్మటుఁడు కావ్యప్రయోజనములలో నీ కాంతాసమ్మితోపదేశమును జేర్చెను. అచ్చటఁ గాంత యుపమానమాత్రము. అగస్టీనుని గ్రంథమున నా యుపమానమే సజీవపాత్రయై యెదుట నిలుచును.

తొమ్మిదవ భాగమున మోనికా గృహజీవనము వర్ణింపఁబడినది. భర్త పత్రికియుఁడు క్రైస్తవుఁడు కాఁడు. దయాళువే కాని ముక్కోపి, పరస్త్రీలోలుఁడు. ఆమె యతని దుర్నడతను గూర్చి కలహింపలేదు. కోపముగా నున్నపు డెదురాడలేదు. కోపము చల్లాఱిన పిదప సమయ మెఱిఁగి తాను చేసినదానికిఁ గారణము విన్నవించెడిది. దాసీల కొండెములు విని కోడలిపైఁ గినిసిన యత్త, ఆమె యోర్పును జూచి తానే మనసు మార్చుకొనెను. వైరము పూనిన స్త్రీలు వేఱువేఱుగా వచ్చి యొకరి నొకరు దూషించినను, వారిని గలుపుటకుఁ బనికివచ్చు మాటను దప్ప మఱియొక మాట నామె చేరవేసెడిది కాదు. భార్యలు మాటలాడకయే తమ ప్రవర్తనచే భర్తలను గెలువవచ్చునని పేతురు మొదటి పత్రిక మూఁడవ యధ్యాయమునఁ గల బోధకు నీ ఘట్టము వ్యాఖ్యానప్రాయము. పత్రికియుఁడు జీవితాంతమున విశ్వాసి యయ్యెను. ఆ విజయమును గ్రంథకర్త కొలఁదిమాటలఁ జెప్పి ముగించుట మెచ్చఁదగినది. ఆర్భాటము లేని పనికి నార్భాటము లేని కథనమే తగును.

అయిన నీ ఘట్టమున దోషము లేకపోలేదు. మోనికా చెలికత్తెలు కొందఱి మొగములపై భర్తల దెబ్బల గుర్తు లుండెడివి. తప్పు మీ నోటిదే యనియు, వివాహపత్రము చదువఁబడిన నాఁటినుండియు దాసీలైనట్లు తలంపవలయు ననియు నామె పరిహాసముగాఁ బలుకుచున్నట్లే వారిని గంభీరముగా హెచ్చరించెనఁట. ఓర్పు గుణమే, కాని దెబ్బలు తిన్నవారిదే నేర మనుట న్యాయము గాదు. అగస్టీను తన కాలపు టాచారమునే ధర్మముగాఁ గొని యీ భేదమును బాటింపఁడయ్యెను. మోనికా మౌనమున శక్తి యున్నదనుట వేఱు. మౌనమే యెల్ల స్త్రీలకు విధి యనుట వేఱు. మొదటిదానికే యీ గ్రంథము సాక్ష్య మిచ్చుచున్నది.

కొడుకు విషయమునఁ గథ యింత సులభముగా సాగలేదు. యౌవనారంభమునఁ దల్లి చెప్పిన నీతులను ఆఁడుమాట లని యతఁడు త్రోసిపుచ్చెను. అతఁడు మానీమతమునఁ జేరఁగా నామె యింట నతనితోఁ గూడి భుజించుటయే మానుకొనెను. ఇది ప్రభుసమ్మితము, ఫలింపలేదు. పిదప నామె కొక కల వచ్చెను. అందుఁ దాను నిలిచిన కొయ్యబద్దపైఁ గొడుకును నిలిచియుండెను. తల్లియే యొకనాఁడు తన మతమునకు వచ్చునని కొడుకు దాని కర్థము చెప్పఁగా, ఆమె తడుముకొనక, అతఁ డున్నచోట నీవుందువని గాక నీవున్నచోట నతఁ డుండునని తనకుఁ జెప్పఁబడినదని బదులిచ్చెను. కలకంటె నా యుత్తరమే తన్నెక్కువగాఁ గదల్చినదని యగస్టీను వ్రాసెను. కొడుకుతో వాదింపుఁడని యామె యొక బిషప్పును వేఁడఁగా, బాల్యమునఁ దానును మానీమతమునఁ బెరిగిన యా యనుభవశాలి, వాని నట్లే యుండనిచ్చి దేవునిఁ బ్రార్థింపుమనియు, చదువఁజదువఁగా వాఁడే తెలిసికొను ననియుఁ జెప్పెను. మిత్రసమ్మితమునకును ద్వార మిట్లు మూయఁబడినది. మిగిలినవి కన్నీరు, ప్రార్థనము, నిరీక్షణము.

అయితే యీ ప్రేమ మొదటినుండియు నిస్స్వార్థ మనుట గ్రంథమునకు విరుద్ధము. 383లోఁ గొడుకు రోమునకుఁ బయనమైనపు డామె సముద్రతీరమువఱకు వెంబడించి విడువకుండెను. సిప్రియను స్మారకమందిరమున నామె ప్రార్థించుచుండఁగా నతఁడు మోసగించి రాత్రివేళ నోడ నెక్కెను. ఆమె శోకమున దేహసంబంధమైన మమకారము కలదని కొడుకే చెప్పినాఁడు. మిలానులో నామె పూనికతోఁ బెండ్లిసంబంధము కుదురఁగా, అగస్టీనుతోఁ జిరకాలము కాఁపురము చేసి పుత్రునిఁ గన్న స్త్రీ, బిడ్డను విడిచి యాఫ్రికాకుఁ బోవలసివచ్చెను. అన్యపురుషు నెఱుఁగనని వ్రతము పట్టి వెడలిన యా యభాగ్యురాలి పేరైనను గ్రంథమున లేదు. తల్లి కోరికలలోని లౌకికాంశమును, దానివలన మఱియొక స్త్రీకిఁ గలిగిన దుఃఖమును గ్రంథము మఱుగుపఱచలేదు. కనుకనే యీ పాత్ర నమ్మఁదగియున్నది. నిస్స్వార్థవిశ్వాస మామెకుఁ బుట్టుకతో వచ్చిన సొమ్ము గాదు. క్రమముగాఁ బండిన పంట.

ఆ పరిపాకము గ్రంథాంతమునఁ దేటపడును. మిలాను తోఁటలో నగస్టీను పొరుగింటి శిశువు స్వరమును విని, పౌలు పత్రికను దెఱచి చదివి, మనసు మార్చుకొన్నపుడు ప్రక్కనున్నవాఁడు మిత్రుఁడైన అలీపియుఁడు. తల్లి యింటిలోపల నున్నది. ఏండ్లతరబడి యామె యెదురుచూచిన క్షణమున నామెయే రంగమున లేదు. మిత్రు లిద్దఱును లోనికిఁ బోయి చెప్పిరి. కల్పితకథ యైనచోఁ గవి తల్లిని దోఁటలో నిలిపియుండెడివాఁడు. 387లో ఓస్తియా రేవునందుఁ దోఁటవైపు గవాక్షమునొద్ద నిలిచి తల్లికొడుకులు నిత్యజీవమును గూర్చి సంభాషించిరి. ఆ సంభాషణమును సర్వము మౌనము దాల్చు స్థితివైపునకే సాగినది. కొలఁదిదినములకే 56వ యేఁట నామె మరణించెను. భర్తప్రక్కఁ దనకై సిద్ధపఱచుకొన్న సమాధినిఁ గూడ విడిచి, దేహము నెచ్చట నుంచినను సరియే, ప్రభువు బలిపీఠమునొద్దఁ దన్ను స్మరించినఁ జాలునని చెప్పెను. తన దను తుదికోరికయు నిట్లు రాలిపోయినది.

మోనికా యను పేరు 13 భాగములలో నొక్కమాఱే, తొమ్మిదవ భాగము చివర, తలిదండ్రుల నిద్దఱను స్మరింపుఁడని చదువరులను వేఁడుచోట వచ్చును. అంతవఱకు నామె తల్లి మాత్రమే. 1945లో ఓస్తియాలో నామె సమాధిశాసనఖండము బయల్పడినది. ఆ శాసనపద్యము ప్రాచీనలిఖితప్రతులలో నిలిచియున్నది. అందును గొడుకు పేరు గలదు, ఆమె పేరు లేదు. కాంతాసమ్మితమునకు మధురవాక్కు సాధనము. మోనికా పాత్ర వాక్కునకును వెనుక నుండవలసిన నడవడిని జూపుచున్నది. దానిని వాక్కులోనికిఁ దెచ్చి నిలిపినవాఁడు, వక్తృత్వమును వృత్తిగా విడనాడిన యా కొడుకే.