క్రైస్తవుని స్వాతంత్ర్యము: ఒక గ్రంథ విమర్శ



మార్టిన్ లూథరు 1520వ సంవత్సరము నవంబరు మాసములో క్రైస్తవుని స్వాతంత్ర్యమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రచురించెను. ఆ యేడాది అతడు వ్రాసిన మూడు ముఖ్య గ్రంథములలో ఇది కడపటిది. లాటిను, జర్మను భాషలు రెంటిలోను వెలువడినది. డిసెంబరు 10వ తేదీన అతడు తన్ను బెదిరించు పోపు ఆజ్ఞాపత్రికను విట్టెన్‌బర్గులో కాల్చివేసెను. అంతటి కలహము నడుమ పుట్టినను, ఈ పుస్తకములో కోపము తక్కువ, నెమ్మది ఎక్కువ.

ఐదువందల యేండ్లనాటి ఈ మాట పల్లె సంఘములకు ఎందుకని మీరడుగవచ్చును. జాతరనాడు పొరుగింటివారు పంపిన మాంసమును తినవచ్చునా? పండుగ పిండివంటలు పుచ్చుకొనవచ్చునా? పుచ్చుకొనవచ్చునని ఒకడును, అది పాపమని మరియొకడును వాదింపగా, ఒకే బల్లయొద్ద రొట్టె విరుచువారు ఒకరి గడప ఒకరు తొక్కకుండ పోవుట మనమెరుగుదుము. ఈ గాయమునకు మందు వెదకువారు ఈ పుస్తకమును విచారింపవలెను.

పుస్తకమునకు రెండు భాగములున్నవి. మొదటి భాగము విశ్వాసమును గూర్చినది. మన క్రియలు మనలను దేవుని యెదుట నీతిమంతులుగా చేయజాలవు. క్రీస్తును నమ్ముటవలననే ఆత్మ విడుదల పొందును. కాబట్టి ఆహారముగాని, దినములుగాని, ఆచారములుగాని విశ్వాసిని ఏలజాలవు. రెండవ భాగము ప్రేమను గూర్చినది. రక్షణను సంపాదించుకొను పని ఇక లేనివాడు తన చేతులతో ఏమి చేయవలెను? పొరుగువానికి పని చేయవలెను. పుస్తకమునకు ప్రాణమిక్కడనే యున్నది. మన స్వాతంత్ర్యము మన ఇష్టము చొప్పున నడచుటకు వచ్చిన సెలవు కాదు. పొరుగువానికొరకు దొరికిన తీరిక. అప్పు తీరిన కూలివాడు తన దినమును తాను కోరినవానికి ఇయ్యగలడు గదా! క్రైస్తవుడును అట్టివాడే.

ఈ బోధ అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు చేసిన బోధయే. అతని మొదటి పత్రిక 8వ, 10వ అధ్యాయములను చదువుడి. విగ్రహము వట్టిదేయని పౌలు ఒప్పుకొనుచున్నాడు. అంగడిలో అమ్మిన మాంసమును విచారణ చేయక తినుమనుచున్నాడు. గాని ఇది అర్పింపబడినదని ఒకడు చెప్పినయెడల, ఆ చెప్పినవాని మనస్సాక్షి నిమిత్తము మానుమనుచున్నాడు. విగ్రహముల పంక్తిలో పాలుపొందుటను మాత్రము బొత్తిగా కూడదనుచున్నాడు. నాకు తెలిసినదే చాలునని పలుకు బలవంతుని అతడు ఆపి, నీ సహోదరుని కొరకు క్రీస్తు చనిపోయెనని జ్ఞాపకము చేయుచున్నాడు. ఒక్క ముద్ద మాంసముకొరకు అట్టివానిని పోగొట్టుకొందుమా?

లూథరు తాను వ్రాసినదానిని చేసియు చూపెను. అతడు వార్ట్‌బర్గు కోటలో దాగియున్న కాలమున, విట్టెన్‌బర్గులో కొందరు ఆరాధన క్రమమును త్వరపడి మార్చివేసిరి. పామరులు కలతచెందిరి. 1522వ సంవత్సరము మార్చిలో అతడు తిరిగివచ్చి, ఎనిమిది దినములు వరుసగా ప్రసంగించెను. చేసిన మార్పులలో అనేకము సరియైనవేయని ఒప్పుకొనుచు, బలహీనులను తోడుకొని రాక ముందుకు పరుగెత్తినందుకు వారిని గద్దించెను. తన పక్షమువారినే ప్రేమ నిమిత్తము గద్దించుట సులభము కాదు.

అయితే ఈ పుస్తకమును మెచ్చుకొని మూసివేయుటకు వీలులేదు. రెండు సంగతులు పరీక్షింపవలెను.

మొదటిది, బలహీనుడెవడు? మన గ్రామములలో ఈ మాటను అపాయకరముగా వాడుకొందురు. సంఘ విందులో ఫలాని కులమువారి ప్రక్కను కూర్చుండజాలనని ఒకడు లేచిపోవును. పెద్దలు, పాపమతడు బలహీనుడు, అభ్యంతరపరచకుడని చెప్పుదురు. సహోదరులారా, అతడు బలహీనుడు కాడు, అతడు ఏలుచున్నవాడు. అంతియొకయలో అన్యజనులతో భోజనము చేయుచుండిన పేతురు, యాకోబునొద్దనుండి వచ్చినవారికి భయపడి వెనుదీసినప్పుడు, పౌలు అందరియెదుట అతనిని ఎదిరించెను. ఆ పౌలే యూదుల నిమిత్తము తిమోతికి సున్నతి చేయించెను. తీతు విషయములో మాత్రము లోబడలేదు. ఈ భేదమును లూథరు ఎరుగును. ఇంకను నేర్చుకొనుచున్న సామాన్యులకు ఓర్చుకొనుమనియు, మొండివారికి లోబడవద్దనియు పుస్తకము చివర చెప్పెను. గాని అది క్లుప్తముగా నున్నందున, చదువరి దానిని దాటిపోవుట సులభము. నిలిచి చదువవలసినది అక్కడనే.

రెండవది, లోపలి మనుష్యుడు, వెలుపలి మనుష్యుడు అను విభాగము. శరీరము చెరలోనున్నను ఆత్మ స్వతంత్రమేయని లూథరు చెప్పుట రోగికిని ఖైదీకిని గొప్ప ఓదార్పు. గాని అదే మాట యజమానుని చేతిలో డాలు కాగలదు. 1525లో జర్మనీ దేశపు రైతులు పన్నెండు మనవులు వ్రాసి, క్రీస్తు తన రక్తముతో అందరిని విడిపించెను గనుక తాము దొరలకు సొత్తుగా ఉండతగదనిరి. అది ఆత్మీయ స్వాతంత్ర్యమును శరీర సంబంధమైనదిగా మార్చుటయని లూథరు ఆక్షేపించెను. దొరల అన్యాయమును అతడు గద్దించిన మాట నిజమే. అయినను తిరుగుబాటు పెరిగినప్పుడు, రైతులను చంపుడని దొరలకు వ్రాసెను. బలాత్కారమును ఖండించుట వేరు. మొఱ్ఱను త్రోసివేయుట వేరు. పొరుగువానికి దాసుడవు కమ్మని అంత చక్కగా వ్రాసిన చేతికి ఈ వ్రాత తగదు. పౌలు ఫిలేమోనునకు వ్రాసినప్పుడు, ఒనేసిము ఆత్మ స్వతంత్రమైనది, అది చాలునని ఊరకొనలేదు. అతనిని ప్రియ సహోదరునిగా చేర్చుకొనుమనెను.

మన తెలుగుదేశమే దీనికి సాక్షి. ఒంగోలు ప్రాంతమున 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. క్లౌ దొరగారి కాలమున ఆ ప్రాంతపు మాదిగ విశ్వాసులు చచ్చిన పశువుల మాంసము తినుట మానిరి. ఆదివారపు పని మానిరి. జాతరలలో డప్పు కొట్టమనిరి. అందునిమిత్తము గ్రామ పెద్దలచేత శ్రమలపాలైరి. లోపల స్వతంత్రులమైతిమి గదా, వెలుపల డప్పు కొట్టిననేమి అని వారు అనలేదు. విగ్రహారాధనకు చేతులిచ్చుటకు విశ్వాసము ఒప్పుకొనలేదు. లూథరు పుస్తకములో కొరతగా నున్న ఒక పుటను మన తాతలు తమ దేహములతో వ్రాసిరనవచ్చును.

కావున ఈ పుస్తకమును విడువక, పరీక్షించి పుచ్చుకొందము. ఆహారము, వస్త్రము, పండుగల విషయములో మాట వచ్చినప్పుడు, ఒక ప్రశ్న వేసికొనుడి: నేను విడిచిపెట్టినయెడల సహోదరుడు నిలుచునా, లేక సహోదరుని త్రోసివేయు కట్టుబాటు నిలుచునా? సహోదరుడు నిలుచునట్లయితే సంతోషముగా విడువుడి. కట్టుబాటే నిలుచునట్లయితే, ప్రేమతోనే, అంగుళమైనను కదలకుడి. మన ప్రభువు తన హక్కులన్నియు విడిచి శిష్యుల పాదములు కడిగెను. గాని సుంకరులతో భోజనము చేయుటను ఎవరు సణిగినను మానలేదు. ఆయన ఆత్మ మనకు ఈ వివేచనను దయచేయునుగాక.