కారే కుండ

వార్తల డెస్కులో చేరిన కొత్తలో ఓ రాత్రి ఏజెన్సీ కాపీ ఒకటి వచ్చింది. వేటకెళ్లి తిరిగిరాని జాలర్ల కోసం గాలిస్తున్నారు. ఆ గాలింపుకి ముందు 'ఫ్యూటైల్' అని తగిలించారు. నేను రెండో ఆలోచన లేకుండా 'వృథా గాలింపు' అని రాసేశాను. మా సీనియర్ కళ్లజోడు పైకి నెట్టుకుని, "వృథా ఏంటయ్యా, పడవల డీజిలు దండగైందనా నీ బాధ?" అన్నారు. ఎర్ర సిరాతో కొట్టేసి 'ఎంత గాలించినా ఆచూకీ దొరకలేదు' అని దిద్దారు.

నిజమే. వృథా అనగానే మనకి పారబోసిన నీళ్లు, విస్తట్లో వదిలేసిన అన్నం కళ్లముందుకొస్తాయి. దండగ అంటే డబ్బు పోయినట్టే. ఇంగ్లిషు మాటకి ఆ లెక్కలతో పనిలేదు. మొండి కత్తిని ఫ్యూటైల్ అనరు, అది యూజ్‌లెస్. వెతకడం, బతిమాలడం, ఎదురు తిరగడం లాంటి ప్రయత్నాలకే ఈ మాట.

కానీ ఆ దిద్దుబాటులోనూ ఏదో జారిపోయిందని చాలా ఏళ్లకి గానీ నాకు తట్టలేదు. 'దొరకలేదు' అంటే దొరికే వీలూ ఉండేదని. ఫ్యూటైల్ అంటే అసలు దొరికేదే కాదని. మొదటిది వార్త, రెండోది తీర్పు. ఒడ్డున ఇంటివాళ్లు ఇంకా సముద్రం వైపే చూస్తూ కూర్చున్నప్పుడు ఆ తీర్పు డెస్కు రాయొచ్చా? ఇప్పుడైతే ఆ విశేషణాన్ని తెలిసే వదిలేస్తాను.

ఫ్యూటైల్ అనే మాట లాటిన్ మూలానికి అర్థం 'కారిపోయేది' అని. గ్రీకు పురాణంలో పెళ్లినాటి రాత్రే మొగుళ్లని చంపిన 49 మంది అక్కచెల్లెళ్లు పాతాళంలో చిల్లుల జాడీని నింపుతూనే ఉంటారు. వర్జిల్ కావ్యానికి వ్యాఖ్యానం రాసిన సర్వియస్ మరో ముచ్చట చెప్పాడు. వెస్టా దేవత పూజలో ఒక పాత్ర వాడేవారు: మూతి వెడల్పు, అడుగు సన్నం. పూజనీళ్లు నేలమీద పెట్టకూడదు గనక, దించితే ఒలికిపోయేలా చేశారట. దాని పేరూ ఫ్యూటిలే. వ్యుత్పత్తి సంగతి అలా ఉంచండి, చేతిలోంచి దించడానికి వీల్లేని ఆ కుండ నన్ను వదల్లేదు.

మన నిఘంటువుల్లో వ్యర్థం, నిష్ఫలం, నిష్ప్రయోజనం వరసగా ఉంటాయి. నోట్లో నలిగే మాట మాత్రం వేరు: 'లాభం లేదు'. దుకాణం మాటే, కానీ డబ్బు వాసన ఎప్పుడో పోయింది. ఇంగ్లిషు వైద్యం పుస్తకాలు మెడికల్ ఫ్యుటిలిటీ అని పేజీలకి పేజీలు చర్చించేదాన్ని మన ఆస్పత్రి వరండాలో డాక్టరు రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. "ఇంక లాభం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్లండి."

అమ్మమ్మ గురించి మా అమ్మకి ఆ మాటే చెప్పారు. ఇంటికొచ్చాక అమ్మ గంటకోసారి చెంచాతో నీళ్లు పోసేది. సగానికి పైగా పెదవి చివర నుంచి దిండు మీదికి కారిపోయేవి. చెంగుతో తుడిచి, మళ్లీ గ్లాసులో చెంచా ముంచేది.